ఇవి ఏనుగులు: ఫ్రాన్స్‌లో ఓనే ఊరి చర్చి

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంత ఎండలో, ఎక్కడో ఫ్రాన్స్‌లో ఉన్న పల్లెటూరి చర్చి గురించి వినడానికి ఇంతమంది వస్తారని అనుకోలేదు. చాలా సంతోషంగా ఉంది.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. సివిల్ ఇంజనీర్ని. మా నాన్న తాపీమేస్త్రి. చిన్నప్పుడు వేసవి సెలవులొస్తే ఆయన వెంట పనిలోకి వెళ్ళి ఇటుకలు తడిపేవాణ్ణి, గుండు దారం పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ అలవాటు వల్లో ఏమో, ఏ పాత కట్టడం ముందు నిలబడినా 'ఇదెలా నిలబడింది?' అన్న ప్రశ్నే నాకు ముందు వస్తుంది. రాజుల పేర్లు, తేదీలు ఆ తరవాతే. ఇవాళ చెప్పబోయేది కూడా అలాగే ఉంటుంది.

ఉద్యోగం మీద మూడేళ్ళు ప్వాతియే అనే నగరంలో ఉన్నాను. ఫ్రాన్స్‌లో పడమటి వైపు ఉంటుందది. అక్కణ్ణుంచి దక్షిణంగా కారులో గంటన్నర లోపే ఓనే అనే ఊరొస్తుంది. స్పెల్లింగ్ చూస్తే 'ఆల్నే' అని చదవాలనిపిస్తుంది గానీ ఫ్రెంచివాళ్ళు మధ్యలో ఆ 'ల' పలకరు. జనాభా 1,500 లోపే. ఒక బేకరీ, ఒక పోస్టాఫీసు, చుట్టూ పొలాలు. ఆ ఊరి చర్చి పేరు సెయింట్ పీటర్ చర్చి, మన తెలుగు బైబిల్లో పేరుతో చెప్పాలంటే పేతురు చర్చి. 1120 ప్రాంతంలో మొదలైంది. అంటే తొమ్మిది వందల ఏళ్ళ నాటి పని.

చర్చి ఊరి నడిబొడ్డున ఉంటుందనుకుని మొదటిసారి బజారంతా తిరిగాను. కనపడలేదు. చివరికి ఒక పెద్దావిడ చెయ్యి చాపి ఊరి బయటికి చూపించింది. అక్కడ శ్మశానం. నల్లగా నిటారుగా సైప్రస్ చెట్లు, వాటి మధ్య పాత రాతి సమాధులు, ఆ సమాధుల మధ్య తెల్లటి సున్నపురాతి చర్చి. ఊరికీ చర్చికీ మధ్య ఈ దూరం ఎందుకొచ్చిందా అనిపించింది. ఇక్కడ రోమన్ల కాలం నుంచీ ఒక రోడ్డు ఉంది, సాంత్ పట్టణం నుంచి ప్వాతియేకి వెళ్ళే రోడ్డు. దాని పక్కనే క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ సైనిక శిబిరం కూడా ఉండేదని 1976లో విమానం మీంచి తీసిన ఫొటోల వల్ల బయటపడింది. రోమన్లు చనిపోయినవాళ్ళని ఊరి బయట, రోడ్డు వారన పూడ్చిపెట్టేవాళ్ళు. ఈ చర్చి కూడా ఆ రోడ్డు చూసుకునే నిలబడింది. ఊరు తన మానాన తాను కాస్త ఎడంగా పెరిగింది.

ఆ సమాధుల మధ్యే ఒక రాతి సిలువ స్తంభం ఉంది. ఇది చర్చి తరవాత వచ్చింది, 15వ శతాబ్దానిది. దాన్ని హోసన్నా సిలువ అంటారు. మట్టల ఆదివారం నాడు ఊరేగింపుగా వచ్చి, ఈ సిలువ దగ్గర ఆగి, సువార్త చదివేవాళ్ళు. పుస్తకం పెట్టుకోవడానికి స్తంభానికి రాతిపీట కూడా ఉంది. మన దగ్గర క్రైస్తవ కుటుంబాల్లో పెరిగినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఈత మట్టలు పట్టుకుని పాడుకుంటూ ఊరంతా తిరిగే ఆదివారమే అది. అక్కడ చేతిలో ఉండే ఆకు వేరు, అంతే.

ఇంత చిన్న ఊళ్ళో ఇంత పని ఎందుకు జరిగింది? దీనికి జవాబు రోడ్డే. స్పెయిన్‌లో పడమటి కొసన సాంతియాగో దె కొంపొస్తెలా ఉంది. అపొస్తలుడైన యాకోబు సమాధి అక్కడ ఉందని వాళ్ళ నమ్మకం. ఫ్రాన్స్ నుంచి అక్కడికి నడిచి వెళ్ళే పెద్ద దారులు నాలుగు. పారిస్, తూర్, ప్వాతియే, సాంత్, బోర్దో మీదుగా పోయే దారిలో ఓనే ఒక మజిలీ. ఇక్కడికి 20 కిలోమీటర్ల లోపే సెయింట్ జాన్ దాంజెలీ అనే పట్టణం. బాప్తిస్మమిచ్చు యోహాను తల అక్కడి మఠంలో ఉందని చెప్పుకునేవాళ్ళు కాబట్టి యాత్రికులు దాన్ని వదిలిపెట్టరు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఈ ఊరి మీదుగా నడవాల్సిందే. చర్చి ఆస్తి ప్వాతియే కెథీడ్రల్ గురువుల సంఘం చేతిలో ఉండేది కాబట్టి పెద్ద ఊరి అండా ఉంది, పెద్ద ఊరి పనివాళ్ళ పరిచయమూ ఉంది.

ఆ కాలం ఎలాంటిదో ఒక్క సంగతి చెబుతాను. ఈ ప్రాంతానికి దొర అక్వితేన్ డ్యూక్ పదో విలియం. ఆయన కూడా 1137లో ఈ యాత్రకే బయల్దేరి, సరిగ్గా గుడ్ ఫ్రైడే రోజున కొంపొస్తెలాలోనే పోయాడు. అప్పటికి కూతురు ఎలియనోర్‌కి పదిహేనేళ్ళు ఉంటాయేమో. ఆ ఏడాదే ఆమెకి ఫ్రాన్స్ రాజు ఏడో లూయీతో పెళ్ళయింది. తరవాత ఆ పెళ్ళి రద్దయి, 1152లో హెన్రీని చేసుకుంది. రెండేళ్ళకి ఆయన ఇంగ్లండ్ రాజయ్యాడు. రెండు దేశాలకి రాణిగా ఉన్న ఆ మనిషి చిన్నపిల్లగా ఉన్న రోజుల్లోనే ఓనేలో గోడలు లేస్తున్నాయి. ఆమె గురించి పుస్తకాలకి పుస్తకాలు రాశారు. ఈ గోడలు కట్టినవాళ్ళ పేరు ఒక్కటీ మిగల్లేదు. వాళ్ళని తెలుసుకోవాలంటే రాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

ఇప్పుడు దక్షిణ ద్వారం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమీ అనుకోకండి. ఈ చర్చి మొత్తంలో నా ప్రాణం ఇక్కడే ఉంది.

ఈ ఫొటో చూడండి. తలుపు చుట్టూ అర్ధచంద్రాకారంలో కమాను. ఒక్కటి కాదు, ఒకదాని లోపల ఒకటి నాలుగు. లోపలిది చిన్నది, బయటికి వచ్చేకొద్దీ పెద్దది. గోడ చాలా మందం కదా, ఆ మందాన్ని మెట్లు మెట్లుగా లోపలికి తోలుకుంటూ వెళ్ళారన్నమాట. అన్నిటికన్నా లోపలి కమాను మీద తీగలు, ఆ తీగల మధ్య దూరిన జంతువులు. చెక్కడం లోతు తక్కువ, దూరం నుంచి చూస్తే జరీ అంచులా ఉంటుంది. రెండో దాని మీద తల వెనక తేజోవలయాలున్న పరిశుద్ధులు. మూడో దాని మీద కిరీటాలు పెట్టుకుని, ఒక చేతిలో వాయిద్యం, ఇంకో చేతిలో చిన్న పాత్ర పట్టుకుని కూర్చున్న ముసలివాళ్ళు. నాలుగో దాని మీద జంతువులు, వింత ప్రాణులు.

ఆ మూడో వరస ముసలివాళ్ళు ఎవరో బైబిల్ చదివినవాళ్ళకి తెలుసు. ప్రకటన గ్రంథంలో సింహాసనం చుట్టూ కూర్చున్న ఇరవై నలుగురు పెద్దలు. పుస్తకంలో 24 అని స్పష్టంగా ఉంది, అందులో అనుమానానికి తావే లేదు. నేను ఫొటో పెద్దది చేసి వేలు పెట్టి లెక్కపెట్టాను. 31 మంది ఉన్నారు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ లెక్కపెట్టాను. 31 మందే. తరవాత చదివితే తెలిసింది, ఇది అందరూ ఎప్పుడో గమనించిన సంగతేనని.

దేవుడి పుస్తకంలో ఉన్న అంకెని మార్చే ధైర్యం ఒక రాతి పనివాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు తోచిన జవాబు చెబుతాను. కమాను అంటే ఒక్క రాయి కాదు. కింద వెడల్పు తక్కువ, పైన ఎక్కువ ఉండేలా, కోసిన పుచ్చకాయ ముక్కల్లా చెక్కిన రాళ్ళని వరసగా పేరుస్తారు. ఓనే దక్షిణ ద్వారం దగ్గర పనివాళ్ళు ఒక నియమం పెట్టుకున్నారు. ఒక్కో రాయికి ఒక్కో బొమ్మ. బొమ్మ తల బయటికి, పాదాలు తలుపు వైపుకి, చక్రంలో ఆకుల్లాగా. రాళ్ళన్నీ ఇంచుమించు ఒకే వెడల్పు. లోపలి కమానుకన్నా బయటి కమాను చుట్టుకొలత పెద్దది కాబట్టి రాళ్ళూ ఎక్కువే పడతాయి. మూడో కమానుకి 31 రాళ్ళు పట్టాయి. రాళ్ళు 31 అయితే పెద్దలూ 31 మందే. ఏడు రాళ్ళని ఖాళీగా వదిలేస్తే పళ్ళూడిన నోరులా ఉంటుంది. 24తో సరిపెట్టాలంటే రాళ్ళ వెడల్పు పెంచాలి, అప్పుడు పక్క వరసలతో పొందిక చెడుతుంది. అందుకని ఇంకో ఏడుగురు పెద్దల్ని కూర్చోబెట్టాడు. వాళ్ళ చేతుల్లోనూ వాయిద్యాలు పెట్టాడు, వాళ్ళకీ కిరీటాలు పెట్టాడు. ఎవరు అసలు, ఎవరు అదనం అన్నది మీరెంత చూసినా పట్టుకోలేరు. ఆ ఏడుగురిలోనే నాకు మేస్త్రి కనపడ్డాడు.

ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. ఒక రాయి, ఒక బొమ్మ అంటే నేల మీద, నీడపట్టున కూర్చుని చెక్కుకోవచ్చు. అతుకులు బొమ్మకీ బొమ్మకీ మధ్య పడతాయి, ముఖం మీదుగా పోవు. పొరపాటున ఉలి జారి ఒకటి విరిగితే ఆ ఒక్క రాయే పక్కన పడేస్తారు. ముగ్గురు నలుగురు శిల్పులు ఒకేసారి పని చేయొచ్చు. ఈ వైపు సున్నపురాయి గని నుంచి తీసిన కొత్తలో మెత్తగా ఉంటుంది. లోపలి చెమ్మ ఆరేకొద్దీ పైపొర గట్టిపడుతుంది. అందుకే ముక్కు మీద గీత, గడ్డంలో పాయ కూడా అంత శుభ్రంగా తెగాయి. ఆ రోజుల్లో వాటికి రంగులు కూడా వేసేవాళ్ళు. ఇవాళ మనం చూస్తున్నది రంగు పోయిన రాయి.

మూడో కమాను కింది వైపు చూడాలంటే తలుపు దగ్గరికి వెళ్ళి తల బాగా వెనక్కి వంచాలి. చాలామంది వంచరు, ఫొటో తీసుకుని లోపలికి వెళ్ళిపోతారు. అక్కడ చిన్న చిన్న మనుషులు మోకాళ్ళ మీద ఉండి చేతులెత్తి పైనున్న పెద్దల్ని మోస్తున్నారు. నిజానికి బరువంతా మోసేది కమాను ఆకారం. ఈ బొమ్మలు ఉన్నా లేకపోయినా కట్టడానికి ఏమీ కాదు. కానీ పైన ఎవరో సుఖంగా కూర్చుని సంగీతం వాయించుకుంటున్నారంటే కింద ఎవరో మోస్తుండాలి కదా అని ఆ శిల్పికి అనిపించింది. నాకది చూసినప్పుడల్లా పరంజా కింద ఇసక తట్టలు అందించే ఆడవాళ్ళు గుర్తొస్తారు.

నాలుగో వరస మీద పిల్లలు గంటసేపు ఆగిపోతారు. గుడ్లగూబ ఉంది, చేప తోకున్న కన్య ఉంది, సగం గుర్రం సగం మనిషి ఉన్నాడు, వీణలాంటిది వాయించే గాడిద ఉంది. సంగీతం వాయించే గాడిద అంటే తెలియని విద్య నెత్తిన వేసుకున్నవాడికి గుర్తు అని పండితులు చెబుతారు. అయ్యుండొచ్చు. నాకైతే ఆ గాడిద ముఖంలో శ్రద్ధ కనిపించింది. కిందనున్న పెద్దలు వాయిస్తుంటే విని, తనూ మొదలుపెట్టినట్టుంటుంది.

ఇక్కణ్ణుంచి పడమటి ముఖానికి రండి. మూడు కమానులు, మధ్యది తలుపు, అటూ ఇటూ ఉన్నవి మూసేసినవి. ఎడమ వైపు దాంట్లో పేతురుని తలకిందులుగా సిలువ వేస్తున్నారు. కుడి వైపు క్రీస్తు సింహాసనం మీద, ఇరుపక్కలా ఇద్దరు పరిశుద్ధులు. మధ్య తలుపు మీద కూడా కమానులు నాలుగే, కానీ ఇక్కడ పద్ధతి వేరు. బొమ్మల్ని అడ్డంగా కాక కమాను వంపు వెంట పొడుగ్గా సాగదీశారు. ఒక్కో బొమ్మకి రెండు మూడు రాళ్ళు పట్టాయి. ఒక కమానులో డాలు పట్టుకున్న స్త్రీలు. సహనం కోపాన్ని తొక్కుతుంది, దాతృత్వం పిసినారితనాన్ని తొక్కుతుంది, ఇలా ఆరుగురు. వినయం, పవిత్రత, విశ్వాసం, సామరస్యం మిగతా నలుగురు. పేర్లు రాతి మీదే రాసి ఉన్నాయి. ఇంకో కమానులో బైబిల్లో యేసు చెప్పిన కథలోని పదిమంది కన్యకలు. దీపాల్లో నూనె ఉంచుకున్న బుద్ధిగలవాళ్ళు ఒక పక్క, దీపాలు తలకిందులుగా పట్టుకున్న బుద్ధిలేనివాళ్ళు ఇంకో పక్క. పైన మధ్యలో క్రీస్తు. బుద్ధిలేనివాళ్ళ వైపు తలుపు మూసి ఉంటుంది. అన్నిటికన్నా బయటి కమానులో పన్నెండు రాశులు, ఏ నెలలో ఏ పని చేయాలో ఆ పనులు. చదువురాని రైతు కూడా తన ఏడాదంతా చూసుకోగలడు. ఇక్కడ మనుషులు సన్నగా పొడుగ్గా ఉంటారు, దక్షిణ ద్వారం దగ్గరివాళ్ళు పొట్టిగా దిట్టంగా ఉంటారు. తేడా శిల్పి ఇష్టంలో కన్నా రాయిని ఎలా వాడాలనుకున్నారన్న దాంట్లో ఉంది. ఈ ముఖం పైభాగంలో ఒకప్పుడు గుర్రం మీద కూర్చున్న కాన్‌స్టంటైన్ చక్రవర్తి విగ్రహం ఉండేది. ఇప్పుడు లేదు.

లోపలికి వెళదాం. మొదట కళ్ళకి చీకటి. పైన ఎక్కడా కిటికీలు లేవు, వెలుగంతా పక్క నడవల కిటికీల్లోంచి వస్తుంది. ఇక్కడ కొంచెం ఇంజనీరింగ్ చెప్పుకోవాలి, కష్టమేమీ కాదు.

మన కాకతీయుల గుళ్ళలో పైకప్పు ఎలా వేశారు? స్తంభం మీద దూలం, దూలం మీద రాతి పలక. బరువు తిన్నగా కిందికి దిగుతుంది. ఈ చర్చి మొదలైన నలభై ఏళ్ళ తరవాత వచ్చిన వేయి స్తంభాల గుడి, తొంభై ఏళ్ళ తరవాత వచ్చిన రామప్ప గుడి అన్నీ అదే సూత్రం. ఓనేలో మెత్తటి సున్నపురాతితో పొడవాటి దూలాలు వేస్తే విరిగిపోతాయి. అందుకని చిన్న రాళ్ళతో సొరంగంలా కమాను కప్పు వేశారు. దీంతో ఒక చిక్కు ఉంది. కమాను బరువు కిందికి మాత్రమే దిగదు, పక్కలకి కూడా తంతుంది. గోడల్ని బయటికి తోసేస్తుంది. అర్ధవృత్తం వంపు అయితే తోపు ఎక్కువ. అందుకని వీళ్ళు కప్పుని పైన కాస్త కొన తేల్చారు. నమస్కారం పెట్టేటప్పుడు రెండు చేతులూ కలిసినట్టు ఉంటుందా ఆకారం. దాంతో పక్క తోపు తగ్గి బరువు ఎక్కువ భాగం నేల వైపు తిరుగుతుంది. రెండో జాగ్రత్త, అటూ ఇటూ ఉన్న నడవల కప్పుల్ని కూడా ఇంచుమించు మధ్య కప్పు ఎత్తుకే లేపారు. మధ్యవాడు తూలబోతే పక్కవాళ్ళిద్దరూ భుజం ఆనించి నిలబెట్టినట్టు. ప్వాతియే చుట్టుపక్కల చాలా చర్చిలు ఇలాగే కట్టారు. దీనికి వాళ్ళు చెల్లించిన మూల్యం వెలుతురు. మధ్య నడవకి సొంత కిటికీ పెట్టుకునే చోటు మిగల్లేదు.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఈ ఫొటోలు మా నాన్నకి చూపించాను. శిల్పాలన్నీ గబగబా దాటేశాడు. ఈ కప్పు ఫొటో దగ్గర ఆగి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇదంతా సిమెంటు లేకుండానేనా రా?"

"సున్నమే నాన్నా. అప్పటికి సిమెంటు ఎక్కడిది."

"మరి సెంట్రింగు ఎన్నాళ్ళుంచారు?"

నాకు తెలియదన్నాను. ఆయన కాసేపు ఫొటో వంకే చూసి, "గానుగ సున్నం తొందరగా పట్టదు. వానాకాలం అయితే అసలు పట్టదు. ముక్క ముక్కగా వేసుకుంటూ పోయుంటారు. ఒక ముక్కకి కొట్టిన చెక్కే పక్క ముక్కకి జరుపుకుని ఉంటారు. అంత చెక్క ఎవడు తెస్తాడు" అన్నాడు. తరవాత నేను మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ కప్పుని కొత్తగా చూశాను. స్తంభం నుంచి స్తంభానికి అడ్డంగా దిట్టమైన కమాను పట్టీలు ఉన్నాయి, వాటి మధ్య కప్పు గదులు గదులుగా పడింది. మా నాన్న ఫ్రాన్స్ చూడలేదు. కానీ తొమ్మిది వందల ఏళ్ళ కింద ఆ పరంజా మీద నిలబడిన మనిషి ఏ లెక్క వేసుకున్నాడో ఆయనకి తెలుసు.

మధ్య నడవ, అడ్డ నడవ కలిసే చోట పైన గుమ్మటం ఉంది, దాని మీద గంట గోపురం. నాలుగు పలకల గది మీద గుండ్రటి గుమ్మటం కూర్చోబెట్టడానికి మూలల్లో నాలుగు ముక్కోణపు వంపులు తెచ్చారు. గోపురం పై అంతస్తు తరవాతి కాలంలో లేపింది.

ఇప్పుడు ఏనుగులు. లోపల స్తంభాల తలల మీద చాలా బొమ్మలున్నాయి. ఒకచోట బైబిల్లోని బలశాలి సమ్సోను జుట్టు పెద్ద కత్తెరతో కత్తిరిస్తున్నారు. ఇంకోచోట మూడు జంతువులు, తొండాలు వేలాడుతున్నాయి. వాటి పైన రాతి మీద లాటిన్‌లో అక్షరాలు: 'హి సుంత్ ఎలెఫంతెస్'. అంటే, 'ఇవి ఏనుగులు'.

ఆ స్తంభం కింద చాలాసేపు నిలబడిపోయాను. రామప్ప గుడి అధిష్ఠానం చుట్టూ వరస వరస ఏనుగులున్నాయి, ఒక్కదాని కింద కూడా ఇది ఏనుగు అని రాయాల్సిన అవసరం ఆ శిల్పికి రాలేదు. చూసేవాళ్ళందరికీ ఏనుగు తెలుసు. ఓనే శిల్పి ఏనుగుని చూసి ఉండడు. 802లో బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ పంపిన ఏనుగు షార్లమాన్ చక్రవర్తి దగ్గరికి చేరింది, 810లో చచ్చిపోయింది. ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ ఇంగ్లండ్ రాజుకి ఏనుగుని కానుకగా పంపింది 1255లో. ఈ చర్చి ఆ రెండింటికీ మధ్య కాలంది. ఓనే దారిలో ఏనుగు నడిచిన రోజంటూ లేదు. మరి బొమ్మ ఎలా వచ్చింది? తూర్పు దేశాల నుంచి వచ్చే పట్టుబట్టల మీద ఏనుగులు నేసి ఉండేవి. పరిశుద్ధుల అవశేషాలు చుట్టిపెట్టడానికి చర్చిల్లో అలాంటి బట్టలు వాడేవాళ్ళు. జంతువుల గురించిన రాతప్రతుల్లో కూడా బొమ్మలు ఉండేవి. అలాంటిదేదో చూసి చెక్కి ఉంటాడు.

చెక్కాక అనుమానం వచ్చింది. ఎండనపడి నడిచొచ్చిన యాత్రికుడు తలెత్తి చూసి ఇదేం జంతువు అనుకుంటాడేమోనని. అందుకని పేరు రాశాడు. ఎక్కువమందికి చదవడం రాదు, అది కూడా అతనికి తెలుసు. చదవొచ్చిన ఒక్కడు పక్కవాడికి చదివి చెబుతాడు. ఎప్పుడూ చూడని ప్రాణిని, ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం, తప్పు అర్థం కాకూడదని ఇంత శ్రద్ధ పడ్డ మనిషి మీద నాకు చాలా గౌరవం.

తరవాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 15వ శతాబ్దంలో ముందు గోడ నిలవడం కోసం పెద్ద పెద్ద ఆనుడు కట్టడాలు కట్టారు. ముందు ఫొటోలో కమానుల పక్కన మీరు చూసిన బరువైన దిమ్మెలు అవే. అందం కొంత పోయింది, గోడ మిగిలింది. మేస్త్రి కొడుకుగా నేను ఆ నిర్ణయం వైపే ఉంటాను. 16వ శతాబ్దంలో ఈ ప్రాంతమంతా కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ మధ్య యుద్ధాలు నడిచాయి, చుట్టుపక్కల ఎన్నో చర్చిల్లో శిల్పాల తలలు ఎగిరిపోయాయి. ఓనే చాలామటుకు బయటపడింది. 1789 నవంబరులో విప్లవ ప్రభుత్వం చర్చి ఆస్తులన్నీ జాతీయం చేసింది. 1840లో చారిత్రక కట్టడాల మొదటి జాబితా వేసినప్పుడు ఆ కట్టడాల తనిఖీ అధికారి ప్రాస్పెర్ మెరిమే బృందం దీన్ని అందులో చేర్చింది. 1905లో మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరు చేస్తూ చట్టం వచ్చింది. దాని ప్రకారం అప్పటికే ఉన్న ఊరి చర్చిలు ఆయా ఊళ్ళ పంచాయతీల ఆస్తి అయ్యాయి. అంటే కప్పు కారితే బాగు చేయించాల్సింది పాదిరి గారు కాదు, ఊరి మేయరు. కట్టడానికి రక్షణ ఉంది కాబట్టి ప్రభుత్వం కూడా డబ్బు కలుపుతుంది. అయినా 1,500 మంది కూడా లేని ఊరికి ఇది చిన్న భారం కాదు. 1998లో కొంపొస్తెలా దారుల్లో భాగంగా యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఎవరైనా అటు వెళ్ళే అవకాశం ఉంటే ఒకటి చెబుతాను. లోపలంతా చూశాక వెంటనే కారెక్కకండి. సమాధుల మధ్య గడ్డిలోంచి చర్చి వెనక్కి, తూర్పు వైపుకి నడవండి. అక్కడ గోడ గుండ్రంగా తిరుగుతుంది. పైన చూరు వెంట తలలు, జంతువుల ముఖాలు చెక్కిన రాతి మొగ్గలు వరసగా ఉంటాయి. మధ్యలో ఒక్క కిటికీ. దాని అంచు పొడుగునా తీగలు, ఆ తీగల్లో కాళ్ళూ చేతులూ చిక్కుకుని ఒకరి మీదొకరు ఎగబాకుతున్న మనుషులు. అన్ని శిల్పాల్లోనూ చెక్కడం అంత సన్నగా ఉన్నది అదొక్కటే. ఉదయం ఎండ ఆ కిటికీలోంచి దూరి లోపల బలిపీఠం మీద పడుతుంది. చర్చి కట్టడం సాధారణంగా ఆ కొస నుంచే మొదలుపెట్టేవాళ్ళు, ముందు బలిపీఠం సిద్ధమైతే మిగతా పని సాగుతుండగానే ప్రార్థనలు జరుపుకోవచ్చని. మనం ఆఖరున చేరే ఆ కిటికీ దగ్గరే, 1120 ప్రాంతంలో ఒక పొద్దున, పని మొదలైంది.